ముప్ఫై ఒకటో నంబరు బస్సులో ఏడో మనిషి

మా డిపోలో ఆమెను టిక్కమ్మ అంటాం. ఆ పేరు ఈమధ్యే వచ్చింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆమె ముప్ఫై ఒకటో నంబరు బస్సులో కండక్టరు. "ముప్ఫై ఒకటి మేడం" అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోయేది. నేను అదే డిపోలో డ్యూటీ చార్టులు రాసే గుమాస్తాను. నా బల్లకూ, ఆమె వచ్చి సంతకం పెట్టే రిజిస్టరుకూ మధ్య కిటికీ చువ్వలే అడ్డం. అంచేత ఈ సంగతుల్లో సగం నేను చూసినవి, మిగతా సగం ఆమె చెప్పినవి. ఆమె ఏది చెప్పినా ఎవరికో జరిగినట్టు, స్టేజీల పేర్లు వరసగా చదివినట్టు చెప్పుకుపోయేది. గొంతు పెరిగేది కాదు, వణికేది కాదు.

ముప్ఫై ఒకటి ఊరి చివర పింగాణీ ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర బయల్దేరి రైలు గేటు, కోర్టు వీధి, మార్కెట్టు మీదుగా పెద్దాసుపత్రికి వెళ్ళేది. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు అందులో కాలు పెట్టే సందుండేది కాదు. షిఫ్టు దిగిన జనం తలల నిండా తెల్లమట్టి దుమ్ముతో ఎక్కేవాళ్ళు. బస్సు బస్సంతా ఒక్కసారిగా ముసలైపోయినట్టుండేది. ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళయింది. ఆ తర్వాత ఊరు అటువైపు పెరగడం మానేసి ఏటి అవతల పెరిగింది. అక్కడ ఇరవై అంతస్తుల మేడలు లేచాయి, ఆఫీసులు వచ్చాయి, బస్సు కోసం జనం మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. ఇక్కడేమో మా ముప్ఫై ఒకటి ఖాళీ సీట్లను ఊరంతా ఊరేగించి తెచ్చేది.

టిక్కమ్మకు పిల్లల్లేరు. భర్త ఎప్పుడో ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ కబురు తెచ్చిన మనిషికి టికెట్టు కొట్టి, చిల్లర ఇచ్చి, "ముందుకు జరగండి" అందట. అది గుండె ధైర్యమని డిపోలో మెచ్చుకున్నారు. "ధైర్యం కాదు బాబూ, వెనకాల ఇంకా నలభై మందికి టికెట్లు కొట్టాలి" అంది నాతో ఒకసారి.

ఆమెకు ఉన్నదల్లా ఒక అక్క. ఏడేళ్ళు పెద్దది. అక్క మొగుడు ఆ పింగాణీ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ పోయినా క్వార్టరు ఖాళీ చెయ్యమని ఎవరూ అడగలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయినా అక్క అక్కడే ఒంటరిగా ఉండేది. ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేసేది. కంటి నరం ఎండిపోతోందని డాక్టర్లు ఏనాడో చెప్పారు. పక్కలన్నీ చీకటి, ఎదురుగా ఉన్నది ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు. అయినా లాండ్రీలో ఆమెకు సాటి లేదు. దుప్పటి అంచు రెండు వేళ్ళ మధ్య జార్చి, అంచును అంచుతో కలిపి, గడ్డం కింద నొక్కి, నాలుగు మడతలు వేసి దొంతర మీద పెడితే స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఆపరేషను గదికి వెళ్ళే ఆకుపచ్చ గుడ్డల్లో చిరుగులు కళ్ళున్నవాళ్ళు వదిలేసినా ఆమె వేళ్ళు వదిలేవి కావు.

పొద్దున్న అయిదూ పదికి మొదటి ట్రిప్పు. అక్క ఆ బస్సెక్కి ఎడమచేతి రెండో సీట్లో కూర్చునేది. రైలు గేటు దగ్గర రెండు కుదుపులు. కోర్టు వీధిలో బస్సు కుడికి ఒరగడం. మార్కెట్టు దగ్గర ఉల్లిపాయల వాసన. అక్కణ్ణుంచి మూడో స్టాపు ఆసుపత్రి. ఆమెను ఎవరూ చెయ్యి పట్టుకుని దించాల్సిన పని రాలేదు. ఆ బస్సులో కండక్టరు సొంత చెల్లెలే అయినా ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అక్క చెయ్యి చాపేది, చెల్లెలు టికెట్టు పెట్టేది. అంతే.

తర్వాత టిక్కమ్మ మోకాలు అరిగిపోయింది. నడిచే బస్సులో నిలబడితే ఇంకో ఏడాదికి మంచాన పడతావని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆమెను ఏం చెయ్యాలో డిపోకు తోచక రెండు నెలలు టైం కీపరు గదిలో కూర్చోబెట్టారు. అప్పుడే పైనుంచి ఆర్డరొచ్చింది: ఊరి బస్సులన్నిటినీ కొత్తగా అల్లుతారట, ప్రతి రూటులోనూ జనాన్ని లెక్కపెట్టాలట, దానికి అనుభవమున్న మనుషులు కావాలట. నేనే చార్టులో ఆమె పేరు రాశాను. కూర్చుని చేసే పనే కదా, మోకాలికి మంచిదనుకున్నాను.

ఆ పని నేర్పడానికి ప్లానింగు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, మెత్తగా మాట్లాడతాడు, చంకలో ఎప్పుడూ చుట్టిన మ్యాపు. మేము ఆయనకు మ్యాపు సారని పేరు పెట్టేసుకున్నాం. ఆయన తలా ఒక అట్ట, ఒక కాగితాల కట్ట, బొటనవేలితో నొక్కితే టిక్కుమని అంకె మారే చిన్న యంత్రం ఇచ్చాడు. టిక్కమ్మ పేరు అలా పుట్టింది. "ఎక్కిన ప్రతి మనిషికీ ఒకసారి నొక్కండి. ట్రిప్పుకు సగటున ఇరవై మంది ఉంటే రూటు పచ్చగీత, లేకపోతే ఎర్రగీత" అని గోడ మీద మ్యాపులో చూపించాడు. ఎర్రగీత అంటే ఏమిటని ఎవరో అడిగారు. "అది పునఃపరిశీలనలో ఉంటుందండీ" అన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్నవాళ్ళకు ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆమెకు ముప్ఫై ఒకటే పడింది. సోమ, మంగళ, బుధవారాలు మొదటి ట్రిప్పు. డ్రైవరు ఆమెతో పదిహేనేళ్ళు నడిచినవాడే. హారన్ ముట్టుకోడు కాబట్టి ఆయన్ని హారన్ బాబాయి అనేవాళ్ళం. అడ్డమొచ్చిన గేదె కోసమైనా ఓపిగ్గా ఆగేవాడు గాని బటన్ మీద చెయ్యి వెయ్యడు.

మొదటిరోజు ఆమె తలుపు పక్క సీట్లో అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో వార్డులు తుడిచే ముగ్గురు ఆడవాళ్ళు ఎక్కారు. టిక్కు, టిక్కు, టిక్కు. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒక వాచ్‌మన్. కూరగాయల బుట్టలతో ఇద్దరు. తర్వాత కడ్డీ తడుముకుంటూ అక్క ఎక్కింది. యంత్రంలో ఏడు పడింది.

గాలిలో ఏం పసిగట్టిందో, అక్క తన సీటు వైపు వెళ్ళకుండా ఆగింది. "ఏమే, నువ్వేనా? మోకాలు బాగైందా? మళ్ళీ డ్యూటీ ఎక్కావా?"

"లేదక్కా. సర్వే."

"ఏం సర్వే?"

"బస్సుల సంగతి. కూర్చో, బండి కదుల్తోంది."

అక్క కూర్చుంది. ఆసుపత్రి చేరేసరికి యంత్రంలో పదహారు. మంగళవారం పదిహేడు. బుధవారం మళ్ళీ పదహారు.

బుధవారం ఆఖరి స్టాపులో జనం దిగిపోయాక హారన్ బాబాయి ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు. "ఎంతొచ్చిందమ్మా?"

"పదహారు."

"ఓ నాలుగు నొక్కరాదూ. నీ వేలేమన్నా అరిగిపోతుందా?"

ఆమె యంత్రం వైపు చూసింది.

"ఎవరు చూడొచ్చారు చెప్పు. నేనా, నువ్వా, ఈ సీట్లా? మూడు రోజులకీ కలిపి ఓ పన్నెండు టిక్కులు. మీ అక్క కూడా ఇందులోనే పోతోంది కదమ్మా."

"అవును బాబాయ్" అంది. పదహారే రాసి, కింద సంతకం పెట్టి, కాగితం మడిచి కవర్లో పెట్టింది.

నిజాయితీ కోసం అలా చేసిందని మీరనుకుంటారేమో. నేనూ అలాగే అనుకుని, చాలా రోజుల తర్వాత ఆ మాటే అన్నాను. ఆమె "కాదు బాబూ. నొక్కకూడదనీ అనుకోలేదు, నొక్కాలనీ అనుకోలేదు. వేలు కదల్లేదు. నా వేలు కాదన్నట్టు చూస్తూ కూర్చున్నా" అంది.

ఎనిమిది నెలల తర్వాత ఒక సోమవారం కొత్త పద్ధతి మొదలైంది. రాత్రికి రాత్రే స్టాపుల్లో బోర్డులు మారాయి. అంకెల ముందు అక్షరాలొచ్చాయి, రంగులొచ్చాయి. ఊరి మధ్య రైలు గేటు దగ్గర ఆరు ప్లాట్‌ఫారాలతో పెద్ద కూడలి కట్టారు. పొడుగు బస్సులు అక్కణ్ణుంచి ఏటి అవతలికీ, ఆసుపత్రికీ రివ్వున పోతాయి. ఊరి అంచుల నుంచి కూడలి దాకా జనాన్ని మోసుకురావడానికి చిట్టి బస్సులు పెట్టారు. ముప్ఫై ఒకటి లేదు. దాని బదులు క్వార్టర్ల నుంచి అరగంటకో చిట్టి బస్సు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి: ఏటి అవతల ఆ వారంలోనే జనం ఫుట్‌బోర్డు మీంచి లోపలికి చేరారు. రోజూ గంటన్నర పట్టే దారి ముప్పావుగంటకు తగ్గిందని మా డిపో స్వీపరే చెప్పింది. ఆ ముప్పావుగంట తన మనవరాలి జడకు పనికొస్తోందట.

అక్క మొదటిరోజు చిట్టి బస్సెక్కి కూడలిలో దిగింది. దిగాక ఏముందో ఆమెకు తెలియదు. ఆరు వైపుల నుంచి ఇంజన్ల రొద. తలపైన ఎక్కడో వెలిగే అక్షరాలు ఆమెకు ఎర్రటి మరకలు. "ఆసుపత్రి బస్సెక్కడ బాబూ?" అని అడిగితే ఎవరో పుణ్యాత్ముడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఎక్కించాడు. అది ఏటి అవతల కట్టిన కొత్త ఆసుపత్రికి వెళ్ళే బస్సు. లాండ్రీ చేరేసరికి పదిన్నరయింది. రెండోరోజు కూడలిలోనే గంటసేపు నిలబడిపోయింది. మూడోరోజు ఎవరి పెట్టెకో తగిలి పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. లాండ్రీ సూపర్‌వైజరు చెడ్డమనిషి కాదు. "పెద్దమ్మా, కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండండి, సర్దుకున్నాక రండి" అంది. అక్క ఇంటికి వచ్చేసింది.

ఈ సంగతి చెల్లెలికి తెలియదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు.

"వెళ్ళొచ్చావా అక్కా?"

"ఆఁ, వెళ్ళొచ్చా."

"కొత్త బస్సులు ఎలా ఉన్నాయి?"

"బస్సులు బస్సుల్లానే ఉన్నాయి. ఇవాళ దుప్పట్లు ఎక్కువొచ్చాయే, చేతులు పడిపోయాయి."

పదహారు రోజులు అలా గడిచాయి. పదిహేడో రోజు టిక్కమ్మకు క్వార్టర్ల వైపు స్టాపుల్లో పాత బోర్డులు పీకారో లేదో చూసిరమ్మని పని పడింది. పని తొందరగా అయిపోయింది. అక్క ఎలాగూ డ్యూటీలో ఉంటుంది, మోకాలికి కాస్త విశ్రాంతి ఇచ్చి పోదామని తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తియ్యబోయింది. తలుపు లోపల్నుంచి గడియపెట్టి ఉంది.

అక్క తలుపు తీసింది. చెల్లెలి అడుగు గుర్తుపట్టి పక్కకు తప్పుకుంది.

ముందుగదిలో మంచం మీద, కుర్చీ మీద, కుట్టుమిషను మీద, నేల మీద మడతపెట్టిన బట్టల దొంతరలు. చీరలు, దుప్పట్లు, తువ్వాళ్ళు, కిటికీ తెరలు, బావ పాత పంచెలు, చివరికి గిన్నెలు తుడిచే గుడ్డలు. అన్నిటికీ ఆసుపత్రి మడతే. అంచులన్నీ ఒకే వైపుకు ఉన్నాయి. కిటికీలకు తెరల్లేక ఎండ సూటిగా వాటి మీద పడుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది టిక్కమ్మ.

"రెండు వారాలు దాటింది."

"మరి ఫోన్లో వెళ్ళానన్నావు."

"అన్నాను. కూర్చో. ఆ కుర్చీ మీదవి ఇటివ్వు, చెదరనీకు."

టిక్కమ్మ కూర్చుంది. అక్క కూడలి సంగతి చెప్పింది, కొత్తాసుపత్రి సంగతి చెప్పింది, మోచెయ్యి చూపించింది. చివర్న నవ్వింది కూడా. "ఆ బస్సులో ఏసీ ఉందే. చల్లగా తీసుకెళ్ళి చల్లగా తప్పు చోట దించాడు."

చెల్లెలు నవ్వలేదు. "అక్కా, ఆ సర్వే నేనే చేశాను" అంది.

"తెలుసు. నువ్వే చెప్పావుగా ఆ రోజు బస్సులో."

"ఆ లెక్క చూసే రూటు తీసేశారు. ఇరవై రావాలి, పదహారొచ్చింది. ఇంకో నాలుగు నొక్కి ఉంటే ఉండేది."

అక్క చేతిలో తువ్వాలు ఉంది. దాని అంచు వేళ్ళ మధ్య జరుపుతూ, "ఆ పదహారులో నన్నూ లెక్కపెట్టావా?" అని అడిగింది.

"పెట్టాను."

"ఎన్నోదాన్ని?"

"ఏడు. మూడు రోజులూ ఏడే."

"సరిగ్గానే పెట్టావు" అంది అక్క. "నా ముందు బుట్టలవాళ్ళు ఎక్కేవాళ్ళు." తువ్వాలు మడిచి దొంతర మీద పెట్టి, ఇంకొకటి తీసుకుంది. "టీ తాగుతావా?"

టీ తాగి వచ్చేసింది. ఆ రోజు రిజిస్టరులో సంతకం పెడుతూ కిటికీ చువ్వల్లోంచి ఇదంతా నాకు చెప్పింది. నేను రాస్తున్న చార్టు పక్కన పెట్టేశాను. ఆమె మాత్రం సంతకం కింద టైమెంతయిందని నన్నడిగి, సరిగ్గా రాసుకుని వెళ్ళిపోయింది.

రెండురోజుల తర్వాత సెలవు పెట్టి ప్లానింగు ఆఫీసుకు వెళ్ళింది. మ్యాపు సారు గుర్తుపట్టి, కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు. ఆమె తిరగరాయమని అడగలేదు, గొడవ పెట్టుకోలేదు. ముప్ఫై ఒకటి గురించి ఒక్కసారి కాగితాలు చూడాలంది. ఆయన అర్థం చేసుకున్నాడు. ఆమె దిగులు పోగొడదామనే బీరువాలోంచి ఒక పాత మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు.

"చూడండమ్మా. ఇది సర్వేకి రెండేళ్ళ ముందు గీసింది. కింద తేదీ కూడా ఉంది. ఇందులోనే ముప్ఫై ఒకటి లేదు. కూడలి స్థలం ఖరారయిన రోజే ఆ రూటు పోయింది. మీ లెక్కకీ దానికీ సంబంధం లేదు. మనసులో పెట్టుకోకండి."

ఆమె వంగి తేదీ చూసింది. "పదహారు బదులు ఇరవై రాసి ఉంటే?"

"ఇరవై అయినా అంతేనమ్మా."

"నలభై?"

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "నలభై అయితే... ఆ అంకెను ఎలా వివరించాలా అని మాకు పనయ్యేది."

"మరి మూడు రోజులు నన్నెందుకు కూర్చోబెట్టారు సార్?"

"రిపోర్టు వెనకాల లెక్కల పట్టిక ఉండాలి కదమ్మా. లేకపోతే ఎవరూ ఒప్పుకోరు."

ఆమె మంచినీళ్ళు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, వచ్చేసింది. మర్నాడు నాతో అంది: "బాబూ, నాకు కోపం రావాలి కదా? లేకపోతే హమ్మయ్య అనన్నా అనిపించాలి. దారంతా ఎదురుచూశాను, ఏదో ఒకటి వస్తుందేమోనని. ఏమీ రాలేదు. ఆకలేసింది, అంతే."

"మీ అక్కకు ఈ మాట చెప్పారా?" అన్నాను.

"చెప్పాను. ఆ సారుకి పెళ్ళయిందా అని అడిగింది."

ఆ తర్వాత ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చి పొద్దుటి డ్యూటీ రద్దుచేసి పదింటి డ్యూటీ వెయ్యమంది. ఎందుకని అడగలేదు, వేశాను. ఆ సోమవారం నుంచి రోజూ అయిదింటికి క్వార్టర్లకు వెళ్ళి, అక్కతో పాటు చిట్టి బస్సెక్కి, కూడలిలో దిగి, దారి నేర్పడం మొదలుపెట్టింది. ఆ దారి నాకు ఇప్పటికీ నోటికొచ్చు, అన్నిసార్లు చెప్పింది. దిగగానే కుడిచేతికి ఇనుప కమ్మీ తగులుతుంది. కమ్మీ పట్టుకుని ఇరవై ఆరు అడుగులు. అక్కడ కమ్మీ తెగుతుంది. నేల మీద గరుకు పలకలు మొదలవుతాయి, చెప్పు అడుగున తెలుస్తాయి. వాటి వెంబడే పోతే ఎడమ పక్క టీ కొట్టు, పాలు పొంగిన వాసన. కొట్టు దాటాక రెండో ప్లాట్‌ఫారం. అక్కడ నిలబడ్డాక బస్సు వచ్చి తలుపు తీసినప్పుడు లోపల్నుంచి ఆడగొంతు రికార్డు పలుకుతుంది. "పెద్దాసుపత్రి" అనే మాట వినబడితేనే ఎక్కాలి.

మొదటివారం అక్కకు తలప్రాణం తోకకొచ్చింది. కమ్మీకి ఎవరో సైకిలు ఆనించి పెడితే లెక్క తప్పేది. టీ కొట్టు మూసి ఉన్నరోజు దాన్ని దాటిపోయి మూడో ప్లాట్‌ఫారంలో నిలబడింది. "ఇంకెన్నాళ్ళే ఈ బడి?" అని విసుక్కుంది. చెల్లెలు "మళ్ళీ మొదట్నుంచీ" అంటూ వెనక్కి తీసుకెళ్ళి దిగిన చోట నిలబెట్టేది. ఊతకర్ర కొంటానంటే అక్క ఒప్పుకోలేదు. "కర్ర పట్టుకుంటే అందరూ దారిస్తారు. అప్పుడు నాకు అడుగులెలా తెలుస్తాయి?" అంది. రెండోవారం చెయ్యి పట్టుకోవడం మానేశారు. మూడోవారం చెల్లెలు పది అడుగులు వెనక నడిచింది.

ఇరవయ్యో రోజు "ఇవాళ నువ్వు రాకు, నేనే వెళ్తా" అంది అక్క. చెల్లెలు సరేనంది. అని చిట్టి బస్సులో వెనక తలుపు నుంచి ఎక్కి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కూడలిలో అక్క దిగింది, కమ్మీ పట్టుకుంది, నడిచింది, పలకలు అందుకుంది, టీ కొట్టు దాటింది. రెండో ప్లాట్‌ఫారం మీద ఆగి, తల తిప్పకుండానే గట్టిగా అంది: "వెనకాల రావద్దన్నానా? నీ మోకాలు టకటకా కొట్టుకోవడం ఇక్కడిదాకా వినిపిస్తోంది."

పక్కన నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. టిక్కమ్మ అక్కడే ఆగిపోయింది. బస్సొచ్చింది, తలుపు తెరుచుకుంది, రికార్డు గొంతు పలికింది, అక్క ఎక్కింది.

సూపర్‌వైజరు అక్కను వెంటనే పన్లోకి తీసుకుంది. ఆమె లేని రోజుల్లో ఆకుపచ్చ గుడ్డలు చిరుగులతోనే ఆపరేషను గదికి వెళ్ళాయని పైనుంచి చీవాట్లు పడ్డాయట. అక్క నెలరోజులు ఆ దారినే వెళ్ళొచ్చింది. ఒక్కరోజు ఆలస్యం కాలేదు, ఒక్కసారి తప్పు బస్సెక్కలేదు. మేమంతా ఇక కథ ఒడ్డెక్కిందనుకున్నాం.

నెల తిరిగాక అక్క చెల్లెలికి ఫోను చేసి, "క్వార్టరు వదిలేస్తున్నానే. లాండ్రీలో నాతో చేసే ఆవిడ ఇంటి వెనక గది ఖాళీ అయింది. అక్కణ్ణుంచి ఆసుపత్రికి నడిచే పోవచ్చు" అంది.

టిక్కమ్మకు అర్థం కాలేదు. "దారి నేర్చుకున్నావు కదక్కా. రోజూ బాగానే వెళ్తున్నావు కదా."

"నేర్చుకున్నాను. నాకొచ్చు. కానీ నాకొద్దు."

"మరి ఇరవై రోజులు..."

"దారి రాకుండా మానేసి పోతే ఓడిపోయినట్టుండేది. వచ్చాక మానేస్తే నా ఇష్టం. ఈ ఇంట్లో మీ బావ దగ్గు తప్ప ఏం మిగిలింది చెప్పు. అది ఎక్కడికెళ్ళినా వినిపిస్తూనే ఉంటుంది."

ఆదివారం చిన్న ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. పెద్దగా ఏమీ లేదు. మంచం, కుట్టుమిషను, బట్టల మూటలు, గిన్నెలు. హారన్ బాబాయి కూడా వచ్చి మంచం ఒకవైపు పట్టుకున్నాడు. ఖాళీ ఇంట్లో అక్క ఒక్కో గోడనూ అరచేత్తో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగి, వంటింట్లో గూటిలో మర్చిపోయిన ఒక సూది దొరికితే పమిటకు గుచ్చుకుని బయటికి వచ్చింది. తాళంచెవులు రెండూ క్వార్టర్ల వాచ్‌మన్ చేతిలో పెట్టారు. ఆయన "ఎవరైనా వస్తే ఏం చెప్పమంటారు?" అని అడిగాడు. "ఎవరూ రారు నాయనా" అంది అక్క.

ఆటో కదిలాక టిక్కమ్మ స్టాపు దాకా నడిచి చిట్టి బస్సు కోసం నిలబడింది. ఏడుపొస్తుందేమోనని హారన్ బాబాయి పక్కనే నిలబడ్డాడట. రాలేదు. బస్సు వచ్చింది, ఇద్దరూ ఎక్కారు.

కొత్త గది చిన్నది. ఒక కిటికీ, దాని కింద మంచం, ఓ మూల స్టవ్వు. గోడ అవతల ఆసుపత్రి బాయిలరు రెండేసి గంటలకోసారి ఆగి మళ్ళీ మొదలవుతూ రోజంతా గుర్రుమంటుంది. అక్కకు ఆ చప్పుడు నచ్చింది. వేళ తెలుస్తుందట. చెల్లెలు ఇప్పుడు ప్రతి ఆదివారం అక్కడికి వెళ్తుంది. ఆమె ఇంటి దగ్గర నుంచి పొడుగు బస్సు సూటిగా ఇరవై రెండు నిమిషాల్లో దించుతుంది. పాత రోజుల్లో అక్కను చూడాలంటే రెండు బస్సులు మారి గంటంబావు పట్టేది. ఆ సంగతి నేనే ఎత్తి చూపాను. "అవును బాబూ, మంచి బస్సే" అంది.

మొన్న సోమవారం సంతకానికి వచ్చినప్పుడు మనిషి ఏదో తేడాగా కనిపించింది. కళ్ళ కింద ఎప్పుడూ ఉండే వాపు లేదు. ఏమిటి సంగతని అడిగాను. ముందురోజు అక్క గదికి వెళ్ళి మంచం మీద కాస్త నడుం వాల్చిందట. అక్క కింద కూర్చుని ఆసుపత్రి ముచ్చట్లు చెబుతోందట, సూపర్‌వైజరుకు కొత్త కళ్ళజోడొచ్చిందనీ, అయినా చిరుగులు కనపడవనీ. వింటూ వింటూ ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. లేచి చూస్తే గదంతా మసకచీకటి. అక్క అక్కడే, అలాగే కూర్చుని ఉంది.

"లైటు వెయ్యలేదేం అక్కా?"

"నాకెందుకే లైటు. నువ్వు పడుకున్నావు కదా అని వెయ్యలేదు."

"ఎంతసేపు పడుకున్నాను?"

"బాయిలరు రెండుసార్లు ఆగి మొదలైంది. నాలుగు గంటలు పైనే."

ఇది చెప్పి టిక్కమ్మ పెన్ను అందుకుంది. "పగటిపూట నేనెన్నడూ పడుకోలేదు బాబూ. జ్వరమొచ్చినా పడుకోలేదు. అలా ఎలా పట్టిందో నిద్ర" అంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం గొంతు కాస్త అటూ ఇటూ అయినట్టు నాకనిపించింది. సంతకం పెట్టింది. వచ్చేవారం చార్టులో ఆదివారం సాయంత్రం ఏ పనీ వెయ్యవద్దని చెప్పి, కుంటుకుంటూ టైం కీపరు గది వైపు వెళ్ళింది. నేను చార్టు తీసి ఆ గడి ఖాళీగా వదిలేశాను.